నాగర్‌కర్నూల్ బడిలో మూడు చింతగింజలు

మా తమ్ముడి మనవరాలు మాధవిని చదువు మాన్పించి ఇంటికి తేవాలా వద్దా అన్నది తేల్చడానికి నేను ఈ ప్రయాణం చేశాను. వింతలు చూద్దామని బయలుదేరలేదు. అయినా దారిలో కొన్ని కంటబడ్డాయి. వాటిలో చాలావాటిని చూసి నాకు కళ్లు కుట్టాయి. అటువైపు ఎన్నడూ పోనివాళ్ల కోసం రాస్తున్నాను కాబట్టి ఆ మాట కూడా దాచను.

మాధవి తండ్రి నాగర్‌కర్నూల్‌లో ఒక ధాన్యం వ్యాపారి దగ్గర గుమాస్తా. మా దగ్గర పెరిగి, ఏడో తరగతితో ఆగిపోయిన పిల్లను అక్కడి ఆడపిల్లల ఆశ్రమ బడిలో చేర్చాడు. కొన్ని నెలలకే గద్వాలకు కబుర్లు రాసాగాయి. అక్కడ టీచరు కుర్చీలో కూర్చోదట. పిల్లలు టీచరుకే ఎదురు చెప్తారట. ఇంటి సంగతులన్నీ తరగతిలో మాట్లాడిస్తారట. మా తమ్ముడు వరండాలో చాలాసేపు అటూ ఇటూ తిరిగి నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఇన్నేండ్లు పంతులమ్మగ చేసినవు. నువ్వే పోయి చూసిరా. నువ్వు వద్దంటే దసరాకు పిల్లను తెచ్చేద్దాం. ఇగ పంపేది లేదు."

మా మరదలు సుభద్ర, మాధవి నాయనమ్మ, తలుపు వెనక ఉంది. ఆమె గాజులు ఒకసారి చప్పుడయ్యాయి. అవునంటున్నదో కాదంటున్నదో తమ్ముడు అడగలేదు. నేనూ అడగలేదు. మా దేవిడిలో అది అలవాటు.

దేవిడి అంటే మీరు పెద్ద మహలు అనుకోవద్దు. సంస్థానం ఉన్ననాడు మా తాతలు మక్తాదారులు, అంటే ఊళ్లను గుత్తకు ఏలినవాళ్లు. ఇప్పుడు మిగిలినవి వీధి వైపు ఎత్తైన గోడ, దాని వెనక నాలుగు గదులు, వాటిలో మేము. అయితే ఆ గోడకు ఇంకా ఏటేటా సున్నం వేయిస్తాం.

గద్వాల: ఉగ్గాని, గాజులు

గద్వాల బస్టాండు ముందు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కలిపి ప్లేటు ఎనిమిది రూపాయలు. నానిన బొరుగులకు పోపు పెట్టి, పైన పప్పుల పొడి చల్లి ఇస్తారు. రాయచూరు దిక్కు నుంచి వచ్చినవాళ్లు కన్నడంలో అడుగుతారు, మనవాళ్లు తెలుగులో అడుగుతారు, దుకాణందారు ఇద్దరికీ ఉర్దూలో జవాబు చెప్తాడు. నలుగురిలో నిలబడి తినడం మా ఇంటా వంటా లేదు. అందుకని వాసన మాత్రం చూసి, ఖాళీ కడుపుతో బస్సెక్కాను. ఒళ్లో సుభద్ర చేసిచ్చిన భక్ష్యాల డబ్బా ఉంది, అంటే బొబ్బట్లు. మాధవికి అవంటే ప్రాణం.

పక్క సీట్లోకి ఒక గాజులమ్మ తన మలారంతో, అంటే గాజుల మూటతో, వచ్చి పడింది.

"జర జరుగు అవ్వా."

నేను కిటికీ వైపు తిరిగాను. ఒకప్పుడు ఈ దారిలో తెరలు కట్టిన మా కచ్చడం బండి పోతుంటే మనుషులు పక్కకు ఒదిగి నిలబడేవారు. ఆమె మాత్రం నా ముఖాన్ని పరీక్షగా చూసింది.

"నువ్వు దేవిడి దొరసానివి గదా? మా అమ్మెంబడి మీ ఇంటికి వచ్చేదాన్ని. తెర కిందికెల్లి చేతులు ఇచ్చేటోళ్లు, మా అమ్మ గాజులు తొడిగేది. ముఖాలు ఎన్నడు చూడలే. చేతులు చూసే గీమె పెద్ద దొరసాని, గీమె చిన్న దొరసాని అని చెప్పేది మా అమ్మ."

"నా చేయి గుర్తుందా?"

ఆమె నా ఉత్త చేతుల వైపు చూసి, గబగబా మలారం సర్దుకుంది. నా చేతులకు గాజులు లేక నలభై ఏళ్లు దాటింది.

"ఏమనుకోకు తల్లీ. మీ ఇంట్ల ఆడోళ్ల మాట నేను ఎన్నడు వినలే. గాజులే విన్న."

"నువ్వయితే ఊరూరా మాట్లాడుకుంటూ తిరుగుతున్నావు."

"మాట్లాడకుంటే గాజులు ఎట్ల అమ్ముడుపోతయి దొరసానమ్మా?" అని పెద్దగా నవ్వింది. ముందు సీటువాళ్లు తిరిగి చూశారు. ఆమె పట్టించుకోలేదు. బీచుపల్లి వంతెన మీద అందరూ కృష్ణలోకి పైసలు వేస్తుంటే తనూ ఒక బిళ్ల విసిరి, కొడుక్కు మంచి కోడలు రావాలని బస్సంతా వినేటట్టు కోరుకుంది. నేను మనసులోనే ఏదో కోరుకున్నాను. పెబ్బేరులో ఆమె దిగిపోయాక సీటు విశాలమైంది, నాకేమో ఇంకా ఇరుకుగానే ఉంది. ఈ ప్రయాణంలో నేను పడిన మొదటి అసూయ ఆ నవ్వు మీద.

ఆమె చెప్పింది నిజమే. మా తమ్ముడికీ, మా చిన్నాన్న కొడుకులకూ చదువు చెప్పడానికి ఒక పంతులు వచ్చేవాడు. వాళ్లు ఆయన ఎదుట చాప మీద కూర్చునేవారు, నేను వెదురు తెర వెనక. పంతులు ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిస్తే నేను గాజులు ఒకసారి ఆడించాలి. "లోపల తెలిసింది" అని ఆయన మగపిల్లల వైపు తిరుగుతాడు. ఏం తెలిసిందో చెప్పమని ఒక్కనాడూ అడగలేదు. నా చదువు అట్లా సాగింది. పదిహేడేళ్లకే మెట్టినింటి నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. తర్వాత శిక్షణ పొంది, గద్వాలలో తెలుగు పండితురాలినయ్యాను. నా తరగతిలో ఎంత నిశ్శబ్దం ఉండేదంటే, చూరులోని పావురాలు దిగివచ్చి బల్లల మధ్య నడిచేవి. ఇప్పటికీ అది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

వనపర్తి: తెగిన చెప్పు

వనపర్తిలో దిగగానే నా చెప్పు తెగింది. తెగిన చోటు కూడా మంచిదే చూసుకుంది: సరిగ్గా పాత మహలు ఎదుట. అక్కడిప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ. చెప్పులు కుట్టే పెద్దమనిషి నా చెప్పు తీసుకుని, అంతదాకా వేసుకోమని ఆకుపచ్చ రబ్బరు చెప్పులు ఇచ్చాడు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పట్టుచీర అంచు కింద వాటిని దాచుకుంటూ నిలబడ్డాను. గేటు లోపలి నుంచి సైకిళ్ల మీద ఆడపిల్లలు గుంపులుగా వస్తున్నారు.

"ఆంటీ, జర సైడ్!"

పొద్దున అవ్వ, మధ్యాహ్నానికి ఆంటీ. వయసు తగ్గినందుకు సంతోషించాలేమో.

ఆ మహలును చాలాసేపు చూశాను. మాకంటే ఆ వనపర్తి రాజులది ఎన్నో రెట్లు పెద్ద ఇల్లు, పెద్ద పేరు. వాళ్లకూ రాజ్యం పోయింది, మాకూ మక్తా పోయింది. కాని వాళ్ల గదుల్లో నల్లబల్లలు, మిషన్లు, వందలమంది పిల్లలు. మా గదుల్లో గబ్బిలాలు. పడిపోవడంలో కూడా వాళ్లదే పైచేయి అని తోచింది. కుట్టుకూలి ఐదు రూపాయలు ఇచ్చి, నా చెప్పులు నేను వేసుకుని నడిచాను.

ఆ రాత్రి రత్నమ్మ ఇంట్లో ఉన్నాను. నా దగ్గర చదువుకున్న పిల్లే, ఇప్పుడు తనూ టీచరు. వేడి జొన్నరొట్టె, పుంటికూర అంటే గోంగూర, మీద నువ్వుల నూనె. మా దిక్కు పుంటికూరలో పచ్చిమిర్చి వేస్తే వనపర్తిలో ఎండుమిర్చి వేస్తారు. రెండో రొట్టె అడగకుండానే వచ్చింది.

"నాగర్‌కర్నూల్ బడికా మేడం? షాహీన్ టీచర్ క్లాసుకా? మేం నలుగురం టీచర్లం పోయి చూసొచ్చినం."

"నా తరగతి కంటే బాగుంటుందా?"

రత్నమ్మ రొట్టె తిప్పుతూ నవ్వింది. "మీరంటే మాకు ఎంత భయముండె మేడం!"

"భయం కాదు, గౌరవం."

"గౌరవమే మేడం. ఆ గౌరవంతోనే కడుపునొస్తున్నా సుత చెప్పకపోతుంటిమి."

నేను రొట్టె తుంచుకున్నాను. ఈ ఎద్దేవాకు నేను కోప్పడతానేమోనని తను భయపడనే లేదు. నా దగ్గర చదివిన పిల్ల మరొకరి తరగతి చూడటానికి బస్సెక్కి పోయింది. నా తరగతి చూడటానికి ఇన్నేళ్లలో ఎవరూ రాలేదు. ఇన్‌స్పెక్టరు వచ్చేవాడు కాని, అది వేరే.

నాగర్‌కర్నూల్: వరుసలు లేని గది

గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూల్ చేరేసరికి ఎండ ఎక్కింది. బస్టాండు నుంచి ఆటోవాడు ఆరుగురిని ఎక్కించి, ఏడో మనిషిగా నన్ను ముందు తన పక్కన కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. ఆ పంతంతో ఎండలో బడిదాకా నడిచాను.

బడి ఒక అద్దె ఇంట్లో ఉంది. గేటు దగ్గరే మాధవి ఎగిరి వచ్చి నన్ను చుట్టుకుంది. భక్ష్యాల డబ్బా చేతికిచ్చాను. మూత తీసి వాసన చూసి, వెంటనే లోపలికి కేకేసింది: "నాయనమ్మ భక్ష్యాలు పంపింది, రాండ్రి!" బయటి నుంచి ఏది వచ్చినా అందరూ పంచుకోవడం అక్కడి కట్టుబాటు. చూస్తుండగానే డబ్బా ఖాళీ. ఎవరో నా చేతిలో కూడా ఒక సగం ముక్క పెట్టారు. మా ఇంటి నేతితో చేసిన భక్ష్యాన్ని, ఎవరి పిల్లో తెలియని పిల్ల చేతి నుంచి తీసుకుని తిన్నాను. మాధవికి దక్కింది కూడా సగమే. తను నా వైపు చూసి వేళ్లు నాకుతూ నవ్వింది. మా ఇంట్లో ఆ పిల్ల నవ్వగా నేను చూసింది తక్కువ.

షాహీన్ టీచర్‌కు పాతికేళ్లు ఉంటాయేమో. సన్నగా, తల మీద దుపట్టాతో, గలగలా మాట్లాడుతుంది. నాకు కుర్చీ అడిగాను.

"ఉంది మేడం, ఆఫీసు రూంల ఉంది. కాని మీరు కుర్చీల కూసుంటే పిల్లలంత మిమ్మల్నే చూస్తరు, నన్ను ఎవరు చూడరు. నాకు కుళ్లు పుడ్తది" అంది.

కుళ్లు పుట్టేది ఎవరికో ఆమెకు తెలియదు. మోకాళ్లు పట్టుకుని చాప మీద కూర్చున్నాను. గదిలో వరుసలు లేవు. అందరూ గుండ్రంగా, టీచరు కూడా అందులోనే. ఒక పిల్ల అందరికీ తలా మూడు చింతగింజలు పంచింది. నాకూ మూడు.

"ఒక్క గింజ ఏస్తే ఒక్క ముచ్చట చెప్పాలె అవ్వా" అని పక్కనున్న చెన్నమ్మ నాకు వివరించింది. ఖిల్లా ఘణపూర్ దిక్కు పిల్ల. తల్లిదండ్రులు మట్టిపనికి దేశాలు పట్టి పోతారు. "గింజలు అయిపోయినోళ్లు నోరు మూసుకోవాలె. మిగిలినోళ్లు చెప్పాలె. అందరియి పళ్లెంల పడేదాక బువ్వకు లేసేది లేదు."

షాహీన్ నావైపు వంగి అంది: "దీన్ని ఫెమినిజం అంటరట మేడం, ట్రైనింగ్‌ల చెప్పిన్రు. నాకు ఆ పేరు తర్వాత తెలిసింది. మా క్లాసుల ఐదుగురే మాట్లాడుతుండిరి, మిగిలినోళ్లు గోడకు ఆనుకొని కూసుంటుండిరి. అందుకని గింజలు తెచ్చిన."

పాఠం లెక్కలది. ఆరుగురు పురుషులు లేదా తొమ్మిదిమంది స్త్రీలు ఒక కాలువను పన్నెండు రోజుల్లో తవ్వితే, నలుగురు పురుషులు, ఆరుగురు స్త్రీలు కలిసి ఎన్ని రోజుల్లో తవ్వుతారు? పిల్లలు పలకల మీద గీకారు. తొమ్మిది రోజులు అని తేలింది. అంతటితో పాఠం అయిపోయిందనుకున్నాను. నా తరగతిలో అయితే అయిపోయేది.

"పరీక్షల గిట్లనే అడుగుతరు, గిట్లనే రాయాలె" అంది షాహీన్. "రాసినం గదా. ఇప్పుడు కొట్లాడుదాం. ఆరుగురు మొగోళ్లు, తొమ్మిదిమంది ఆడోళ్లు ఒక్కటే అన్నడు లెక్క రాసినాయన. నిజమేనా?"

చెన్నమ్మ గింజ టక్కున పడింది. "ఆయన మట్టిపనికి పోనట్టుంది టీచర్. మా నాయన తవ్వుతడు, మా అమ్మ గంప మోస్తది. గంప పోయి మళ్ల వచ్చేదాక మా నాయన బీడి తాగుతడు. మా అమ్మ ఎప్పుడు తాగాలె?"

గది గొల్లుమంది.

"మీ అమ్మ బీడి తాగుతదానే?" అని ఎవరో అడిగితే, "గింజ ఏసి అడుగు!" అని నలుగురు అరిచారు.

నాకు మాట్లాడాలని నాలుక దురద పెట్టింది. ఒక గింజ వేసి, స్త్రీని మన పెద్దలు ఎట్లా గౌరవించారో చెప్పడం మొదలుపెట్టాను. ఇంకా అసలు విషయానికి రాకముందే చెన్నమ్మ నా మోకాలు తట్టింది. "గది ఒక్క ముచ్చటే అవ్వా. అయిపోయింది."

తరగతిలో నా మాటకు అడ్డం వచ్చిన మొదటి మనిషి ఆ పిల్ల.

గింజలు పడుతూనే ఉన్నాయి. ఇంట్లో ఎవరి పనిని పని అంటారు, ఎవరి పనికి కూలి ఇస్తారు, ఎవరు చివరికి తింటారు. అప్పుడు మాధవి గింజ వేసింది. మా ఇంట్లో నలుగురి ముందు గొంతు పెగలని పిల్ల.

"మా నాయనమ్మ కండెలు చుడ్తది. నేతోళ్ల ఇంటికెల్లి నూలు తెప్పిచ్చుకుంటది. కూలికే చుడ్తది. కాని తలుపేసుకొని చుడ్తది. దేవిడోళ్లు కూలి చేస్తున్నరు అంటరని. గా పైసలతోనే మా ఇంటి ముందట గోడకు సున్నం ఏస్తరు."

నా చెవులు మండిపోయాయి. సుభద్ర కండెలు చుడుతుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసినట్టు ఎవరూ కనబడరు. ఆ పిల్ల దాన్ని మట్టిపనివాళ్ల పిల్లల మధ్య చాప మీద పరిచేసింది. నా రెండో గింజను పళ్లెంలోకి విసిరాను.

"ఇంటి మాట ఇంట్లో ఉండాలి!"

"ఎందుకు అవ్వా?"

ఇంకో గింజ వేసి అడిగింది చెన్నమ్మ. ఎగతాళిగా అడగలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. జవాబు చెప్పాలంటే ఇంకో గింజ వేయాలి. వేయలేదు. గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను. మాధవిని ఈ సాయంత్రమే తీసుకుపోవాలని అప్పుడే తీర్మానించుకున్నాను.

మిగిలిన గింజలన్నీ పడిపోయాయి. వంటింటి నుంచి పప్పు పోపు వాసన వచ్చింది. నలభై కళ్లు నా గుప్పిటను చూస్తున్నాయి.

"అవ్వా, జర జల్ది. ఆకలైతుంది."

"అవ్వను పరేషాన్ చేయకుండ్రి" అంది షాహీన్. కాని లేవమని మాత్రం అనలేదు. ఆమె కూడా ఎదురుచూసింది. పంతులు ఎన్నడూ అట్లా ఎదురుచూడలేదు. నేనూ ఏ పిల్ల కోసమూ ఎదురుచూసినట్టు గుర్తు లేదు. ఆ పిల్లల మీద, ఆ టీచరు మీద, గింజల మీద కూడా నాకు ఎంత కడుపుమంట పుట్టిందంటే, నోరు తెరవకపోతే లోపల కాలిపోతాననిపించింది.

గింజ వేశాను.

"మిమ్మల్ని చూస్తే నాకు కళ్లు కుడుతున్నాయి" అన్నాను. "చిన్నప్పుడు తెర వెనక కూర్చుని చదువుకున్నాను. జవాబు తెలిస్తే గాజులు ఆడించాలి. తెలిసిందని పంతులు ఒప్పుకునేవాడు. ఏమిటని అడిగేవాడు కాదు."

ఎవరూ నవ్వలేదు. షాహీన్ అడిగింది: "ఏం ప్రశ్న మేడం?"

ఎన్నో ఉన్నాయి. ఒకటి మాత్రం వెంటనే నోటికి వచ్చింది. కొలనులో కొన్ని పువ్వులు, కొన్ని తుమ్మెదలు. పువ్వుకు ఒకటి చొప్పున వాలితే ఒక తుమ్మెద మిగిలింది. రెండేసి వాలితే ఒక పువ్వు మిగిలింది. పువ్వులెన్ని, తుమ్మెదలెన్ని?

"నీ జవాబు ఏంది అవ్వా?"

"మూడు పువ్వులు. నాలుగు తుమ్మెదలు."

పిల్లలు వేళ్ల మీద వాల్చి చూశారు. ముందు ఒక్కొక్కటి, తర్వాత రెండేసి. "కరెక్టే!" అని అరిచి చప్పట్లు కొట్టారు. చెన్నమ్మ అప్పటికే లేచి పళ్లెం అందుకుంది. "గింత చిన్న జవాబుకు గిన్నేండ్లు పట్టిందా అవ్వా?" అంటూ బువ్వకు పరుగెత్తింది.

భోజనాల దగ్గర మాధవి నా పక్కకు జరిగింది. "పెద్దవ్వా, నన్ను తీస్కపోతవా?"

"నిన్ను ఇంటి మాట ఎవరు చెప్పమన్నారు?"

"గింజ మిగిలింది పెద్దవ్వా. ఎయ్యకపోతే అందరికి ఆకలైతది గదా."

ఆ సాయంత్రం నేను ఒంటరిగానే బస్సెక్కాను. పిల్లను తేలేదు, ఉంచుతానని మాటా ఇవ్వలేదు.

మళ్లీ గద్వాల

వనపర్తిలో రాత్రి ఆగి, పొద్దున గద్వాల చేరాను. దిగగానే ఉగ్గాని బండి దగ్గర నిలబడి ఒక ప్లేటు తిన్నాను. ఇంటి గౌరవం మీద ఆకాశం ఊడిపడలేదు. బజ్జీ మాత్రం నాలుక కాల్చింది.

తమ్ముడు వరండాలో తయారుగా ఉన్నాడు. నేను కాళ్లు కడుక్కోక ముందే అడిగాడు.

"ఏమంటవు అక్కా? తెద్దామా?"

చూసినదంతా చెప్పాను. కండెల ముచ్చట కూడా, మాధవి అన్నది అన్నట్టే చెప్పాను. తమ్ముడి ముఖం నల్లబడింది. గోడ వైపు చూశాడు. "ఇగ ఒక్కరోజు సుత ఉండనియ్యద్దు. నువ్వు ఊఁ అను, రేపే పోయి తీస్కొస్త."

తలుపు వెనక గాజులు చప్పుడయ్యాయి.

"నా మాట తర్వాత" అన్నాను. "సుభద్ర ఏదో అంటున్నది."

"అనేది ఏముంది అక్కా? విన్నది, తెలిసింది."

"ఏం తెలిసిందో చెప్పనీ. సుభద్రా, గాజులు కాదు, నోటితో చెప్పు."

తమ్ముడు లేవబోతే చేయి పట్టుకుని కూర్చోబెట్టాను. ఎదురుచూడటం ఎంత కష్టమో నాకూ అప్పుడే తెలిసింది. చివరికి తలుపు కిర్రుమంది. సుభద్ర గడప మీదికి వచ్చి నిలబడింది. వేళ్లకు ఇంకా ఎర్రటి నూలు పోగులు అంటుకుని ఉన్నాయి.

"పిల్లను అక్కడనే ఉండనియ్యుండ్రి వదినా" అంది. "నా ముచ్చట అది అందరికి చెప్పనే చెప్పింది. ఇగ నేను తలుపు ఎందుకు ఏసుకోవాలె? లోపల గాలాడక సస్తున్న."

అని, నూలు బుట్ట తెచ్చి వరండాలో, వీధి కనబడే చోట పెట్టుకుని కూర్చుంది.